నాచుతో సౌందర్య ఉత్పత్తులు... పీజీలో ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మైక్రోబయాలజీ, బోటనీ, కెమిస్ట్రీ) ఫైనలియర్. స్పైరులినా లాంటి నాచులతో సహజమైన క్రీములు, సీరమ్‌లు తయారుచేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? పీజీలో ఏం చదివించాలి? సొంతంగా పెట్టుకోవచ్చా?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఉద్యోగాలున్నాయి. అయితే ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయని ముందు గుర్తించండి: నాచును పెంచడం, అందులోంచి కావలసిన పదార్థాన్ని తీయడం, దాన్ని క్రీములో చెడిపోకుండా నిలబెట్టడం. పెంపకం నేర్పే శిక్షణలు చాలానే ఉన్నాయి. కష్టమంతా మూడో పనిలోనే. కెమిస్ట్రీ కూడా చదువుతోంది కాబట్టి మీ అమ్మాయి అటువైపు గురిపెట్టడం మేలు.

స్పైరులినాలోని నీలిరంగు ప్రొటీన్ ఫైకోసయనిన్‌నే తీసుకోండి. యాంటీ ఆక్సిడెంట్‌గా దీనికి మంచి పేరుంది. కానీ 45 డిగ్రీల వేడి దాటితే రంగు పోవడం మొదలవుతుంది. వెలుతురు కూడా పడదు. పీహెచ్ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత) 5.5-6 మధ్య స్థిరంగా ఉంటుంది, 4.5 దగ్గరికి దిగితే విరిగి అడుగున చేరుతుంది. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ బాగా పనిచేసేదేమో పీహెచ్ 5 కంటే తక్కువలో! అది సరిపోదని ఫినాక్సీఇథనాల్ వాడదామంటే దానికి 1 శాతం పరిమితి ఉంది. పైగా ప్రొటీన్ అంటే సూక్ష్మజీవులకు విందుభోజనమే. ‘ప్రిజర్వేటివ్ లేని సహజ సీరమ్’ అని అమ్మేవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

కాలేజీ ప్రాజెక్టుకు ఇదే తీసుకోమనండి. 1 గ్రాము స్పైరులినా పొడిని పీహెచ్ 7 ఉన్న 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ 25 మి.లీ.లో కలిపి, మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించి, ఫ్రిజ్‌లో చీకట్లో కరిగించాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేశాక సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పితే పైన నీలిద్రవం తేలుతుంది. అది పచ్చగా ఉంటే కణాల ముక్కలు ఇంకా మిగిలాయన్నమాట, మళ్లీ తిప్పాలి. నీలం మరీ తక్కువగా వస్తే, పొడిని ఎక్కువ వేడిలో ఆరబెట్టారేమోనని అనుమానించాలి. ద్రవం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 620 నానోమీటర్ల దగ్గరి రీడింగును 280 నానోమీటర్ల దగ్గరి రీడింగుతో భాగిస్తే స్వచ్ఛత తెలుస్తుంది: 0.7 అంటే ఆహార స్థాయి, 4 దాటితే పరిశోధన స్థాయి. తర్వాత ఆ ద్రవాన్ని పీహెచ్ 4, 5.5, 7లలో, వెలుతురులోనూ చీకట్లోనూ ఉంచి, నెలపాటు వారం వారం కొలవాలి. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫ్ చూపిస్తే ఏ సర్టిఫికెట్ కోర్సూ దాని ముందు నిలవదు.

నీలం తీశాక మిగిలే పిప్పిని, పెంచిన నీటిని ఏం చేయాలో కూడా అందులో రాయమనండి. వాటికి దారి చూపకుండా పర్యావరణహితం అంటే చెల్లదు.

పీజీకి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీలలో ఏదైనా సరిపోతుంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సహకారంతో నడిచే బయోటెక్నాలజీ కోర్సులకు గాట్-బి రాయాలి. నాచు పరిశోధనకు భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ (సీఎస్ఎంసీఆర్ఐ), తిరుచిరాపల్లిలో భారతిదాసన్ విశ్వవిద్యాలయంలోని సముద్ర సయనోబ్యాక్టీరియా జాతీయ కేంద్రం మంచి చోట్లు. ఏ కోర్సులో చేరినా హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతి), ఎమల్షన్ (నూనె, నీళ్లు కలిసిన మిశ్రమం) స్థిరత్వ పరీక్షలు చేతితో చేసి ఉండాలి.

సొంత వ్యాపారం మాత్రం రెండేళ్ల ఉద్యోగం తర్వాతే. వంటింట్లో చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం కుదరదు. కాస్మెటిక్స్ రూల్స్-2020 ప్రకారం తయారీకి రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి నుంచి సీఓఎస్-8 లైసెన్సు కావాలి. సొంత ప్లాంటు లేకపోతే, లైసెన్సున్న మరొకరి యూనిట్‌లో తయారు చేయించుకునే లోన్ లైసెన్సు, అంటే సీఓఎస్-9 తీసుకోవచ్చు. ఇక లేబుల్ మీద ‘ఎగ్జిమా తగ్గిస్తుంది’ అని రాస్తే అది కాస్మెటిక్ కిందికి రాదు, మందుల నిబంధనల్లోకి వెళ్తుంది.