'ఫార్చునేట్ సన్' తెలుగులో ఎవరు?

సందేహం: 'ఫార్చునేట్ సన్' అనే పాత అమెరికన్ రాక్ పాట గురించి రాస్తూ ఆ పేరును 'అదృష్టవంతుడైన కొడుకు' అన్నాను. మా మిత్రుడు 'పెట్టి పుట్టినవాడు' అంటేనే తెలుగులా ఉంటుందంటాడు. ఏది సరి? పల్లవిలో 'నేను కాదు' అనాలా, 'నేను కాను' అనాలా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది మంచి నుడికారమే, కానీ ఇక్కడ పెడితే పాట అర్థమే తిరగబడుతుంది. పెట్టి పుట్టడమంటే పోయిన జన్మలో నలుగురికీ పెట్టి, ఆ పుణ్యం కొద్దీ ఇప్పుడు సుఖపడటం కదా, అంటే ఆ సుఖం వాడు సంపాదించుకున్నదేనని మనం ఒప్పుకున్నట్టు. 'అదృష్టం' కూడా దగ్గరదగ్గర అంతే. దృష్టం కానిది, కంటికి కనపడని కారణం వల్ల వచ్చేది.

ఈ పాటలో కారణం కళ్లెదుటే ఉంది. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం కోసం 1969లో జాన్ ఫోగర్టీ రాశాడు. అప్పుడు వియత్నాం యుద్ధం నడుస్తోంది, అమెరికాలో కుర్రాళ్లను డ్రాఫ్ట్ పేరుతో సైన్యంలోకి లాక్కుంటున్నారు, కాలేజీలో చదివేవాళ్లకు వాయిదా దొరుకుతోంది, పలుకుబడి ఉన్న ఇళ్ల పిల్లలకు ఏదో ఒక దారి దొరుకుతోంది, ఏ అండా లేనివాడు మాత్రం తుపాకి పట్టుకుని వెళ్లాల్సిందే. ఫోగర్టీకీ 1966లో పిలుపు వచ్చింది, ఆర్మీ రిజర్వులో చేరాడు. 1968 డిసెంబరులో, అప్పుడే అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన నిక్సన్ కూతురు జూలీకీ, మాజీ అధ్యక్షుడు ఐజన్‌హోవర్ మనవడు డేవిడ్‌కీ పెళ్లయింది. ఇలాంటి ఇళ్ల పిల్లలకు యుద్ధం సెగ తగులుతుందా అన్న కోపంలోంచే పాట వచ్చిందని ఫోగర్టీ తర్వాత చెప్పాడు. (డేవిడ్ ఆ తర్వాత నౌకాదళంలో పనిచేశాడు, ఆ సంగతీ చెప్పడం న్యాయం.)

అందుకే నేనైతే 'గొప్పింటి కొడుకు' అంటాను. 'కలవారి బిడ్డ' వినడానికి బాగుంటుంది గానీ అందులో డబ్బే ఉంది, అధికారం లేదు. పాటలో సెనేటర్ కొడుకూ ఉన్నాడు, కోటీశ్వరుడి కొడుకూ ఉన్నాడు.

ఇక కాదు, కాను రెండూ కావాలి. 'ఆ గొప్పింటి కొడుకు ఎవరో గానీ నేను మాత్రం కాదు' అన్నప్పుడు 'కాదు'. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు 'నేను సెనేటర్ కొడుకుని కాను'. మాటల్లో అక్కడా 'కాదు' అనేస్తున్నాం, దాన్ని తప్పని కొట్టేయను. కానీ పల్లవిలో ఈ రెండు మాటలూ వెంటవెంటనే వస్తాయి కాబట్టి మీ వ్యాసంలో ఆ తేడా ఉంచండి, 'నేను కాదు, నేను సెనేటర్ కొడుకుని కాను' అని.