మోరికాడనే ఆపు, బిడ్డా

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. చెరువు పచ్చబడకుండ, భాస్వరాన్ని మామూలు కన్న ఎక్కువ మింగేటట్టు జన్యువు మార్చిన నాచును మన ఊరి చెరువుల పోస్తనంటున్నవు. నాచు మీద నాకు నమ్మకమున్నది, చెరువుల పొయ్యడం మీదనే లేదు.

భాస్వరాన్ని పట్టుకున్నవు చూడు, అది మంచిగున్నది. 1973ల కెనడాల 226 నంబరు సరస్సును నడుమ తెర గట్టి రెండు చేసిండ్రు. ఒక దిక్కు కర్బనం, నత్రజని పోసిండ్రు. రెండో దిక్కు వాటికి తోడు భాస్వరం. భాస్వరం పడ్డ దిక్కే నాచు ముదిరి పచ్చగైంది. మన చెరువుకు అది మడికట్ల డీఏపీ ఎరువు నుంచి, ఊరి మోరి నుంచి వస్తది.

ఇగ నా తప్పు చెప్త. ఒకసారి సిమెంటు తొట్టిల మోరి నీళ్లు పోసి క్లోరెల్లా అనే నాచు పెంచిన. పది రోజులకు భాస్వరం పరీక్ష చేస్తే, భాస్వరముంటే రావాల్సిన నీలం రంగు రానేలేదు. మురిసిపోయి దసరాకు ఊరికి వోయిన. తిరిగొచ్చేసరికి నాచు చచ్చి అడుగుకు పడ్డది, ఒకటే కంపు. మళ్ల పరీక్ష చేస్తే గొట్టంల నీళ్లు సిరా తీరైనయి. నాచు భాస్వరాన్ని దాచుకుంటది గని మాయం చెయ్యదు. ఎంత ఎత్తి బయట పడేస్తే అంతే లాభం. ఆ కణాలు బట్టకు ఆగయి, పటిక వేస్తే గడ్డలై దిగుతయి.

అందుకే మోరి చెరువుల కలిసేకాడ తొట్లు కట్టు. వాటిల మన చెరువు నాచునే పెంచు. నీ మార్చిన నాచు ల్యాబుల మూత గొట్టాలు దాటొద్దు, దాని బురదను ఉడికించి చంపినంకనే పారెయ్యి. బయట వదలాల్నంటే జన్యువు మార్చిన జీవుల మీది 1989 నిబంధనల ప్రకారం ఢిల్లీల ఉన్న కేంద్ర సర్కారు కమిటీ (జీఈఏసీ) అనుమతి కావాలె. కాయితం వచ్చినా, ఒక్కసారి చెరువుల పడ్డదాన్ని ఏ వల తోని తీస్తవు?

ఇంకొకటి. నాచు ముదిరితే రాత్రిపూట నీళ్లల్ల ప్రాణవాయువు పడిపోతది. తెల్లారంగ బొచ్చెలు, రవ్వలు మీదికొచ్చి నోళ్లు తెరుస్తయి. కొర్రమీను గాలి పీల్చి బతుకుతది, దాన్ని చూసి చెరువు బాగున్నదనుకోకు. వల వేసేటోళ్లను అడుగు, నీ మీటరు కన్న ముందు వాళ్లకే తెలుస్తది.

తొలకరి వాన పడ్డనాడు మోరి నీళ్లు సీసల పట్టి, ఐసుల పెట్టి నాకు పంపు. తొట్టి ఎంత పెద్దగ కట్టాల్నో ఆ లెక్క చూసినంక చెప్త.

మీ పెదనాయిన