ప్రేమగా చూసుకున్న పాత కారు అమ్మితే, కొన్నవాడు రెట్టింపు ధరకు మళ్లీ అమ్మకానికి పెట్టాడు. నేను మోసపోయినట్టేనా?

ఏళ్ల తరబడి దాచుకున్న క్లాసిక్ కారును డబ్బు అవసరమై అమ్మారు. కొన్నాయన నెల తిరక్కుండానే దాన్ని రెట్టింపు ధరతో ప్రకటనలో పెట్టాడు. ఇప్పుడేమైనా చేయొచ్చా అని అడిగారు. చేయడానికి పెద్దగా ఏమీ లేదండీ. మోసపోయారా అంటే, కొంత అవును, కొంత కాదు. నాకూ అచ్చం ఇలాగే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నాది 1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. వెనకాల 1192 సీసీ ఇంజిన్. నాన్న నడిపిన కారు, ఆయన తర్వాత నా చేతికొచ్చింది. మా కారులో అద్దం మీదికి నీళ్లు చిమ్మడానికి మోటారంటూ ఉండదు. ముందు డిక్కీలో నిలబెట్టిన స్పేర్ టైరు నుంచి ఓ సన్నటి గొట్టం నీళ్ల డబ్బాకి వెళ్తుంది, ఆ గాలి ఒత్తిడికే నీళ్లు చిమ్ముతాయి. ఆ టైరులో గాలి తగ్గకుండా చూడటం చిన్నప్పుడు నా డ్యూటీ.

బీటిల్లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది. మా కారుకి ఆ చోట నా బొటనవేలు పట్టేంత చిల్లు పడింది. వెల్డింగ్ ఖర్చు విన్నాక ఇక అమ్మేద్దామనుకున్నాను.

కొనడానికి వచ్చినాయన చాలా మెత్తగా మాట్లాడాడు. "మా అమ్మాయి దీంట్లోనే డ్రైవింగ్ నేర్చుకుంటుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క మాటకే నేను ధర తగ్గించాను. అమ్మాయి కోసం కారు చూడటానికి వచ్చిన మనిషి ముందుగా వెనక సీటు లేపి, మధ్యలో గట్టు మీద చెక్కిన ఛాసిస్ నంబరుకి ఫోటో ఎందుకు తీశాడో, తర్వాత జనరేటర్ కింద ఇంజిన్ నంబరు మీద మసి తుడిచి మరీ ఎందుకు చదివాడో అప్పుడు నాకు తట్టలేదు.

అంతటితో ఆగానా? ఆ కారు ఫ్యాక్టరీ నుంచి 6 వోల్టుల కరెంటుతో వచ్చింది. నాన్న ఎప్పుడో 12 వోల్టులకు మార్పించి, తీసేసిన పాత జనరేటర్, రెగ్యులేటర్, బల్బులు, హబ్ క్యాపులు అన్నీ ఓ అట్టపెట్టెలో దాచారు. "ఈ సామానంతా నాకెందుకు, మీరే తీసుకెళ్లండి" అని ఆ పెట్టెను నేనే మోసుకెళ్లి కారులో పెట్టాను. ఆయిల్ ఎప్పుడు మార్చారు, పెట్రోల్ ఎంత పోయించారు అన్నీ నాన్న రాసుకున్న నోటుబుక్కూ అందులోనే పోయింది. ఆ నోటుబుక్కు ఇచ్చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటుంటాను.

ఏడు వారాల తర్వాత ఓ స్నేహితుడు లింకు పంపాడు. "ఒకే కుటుంబం చేతిలో ఉన్న కారు, పూర్తి చరిత్రతో" అని ప్రకటన. కింద ఫోటోలో నాన్న చేతిరాత. ధర నేను అమ్మినదానికి రెట్టింపు పైనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండింటికి ఆయనకు చాంతాడంత మెసేజ్ పెట్టాను. "మీరు ఒప్పుకున్న ధరే ఇచ్చాను కదా" అని జవాబొచ్చింది. మీరు మాత్రం ఆ పని చేయకండి. మన దగ్గర మిగిలిన పరువు కూడా పోతుంది.

కోపం తగ్గాక కూర్చుని లెక్క వేశాను. ఫ్లోర్ వెల్డింగ్, బ్రేకులు, రంగు ఆయనే చేయించాడు. నా పెట్టెలోని సామానుతోనే కారును మళ్లీ 6 వోల్టులకు తెచ్చాడు. జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ ఆటో మ్యూజియానికి ఛాసిస్ నంబరు పంపితే, కారు ఏ రోజు తయారైంది, అసలు రంగేంటి అని సర్టిఫికెట్ ఇస్తారు. అదీ తెప్పించాడు. వీటన్నిటికీ పోను మిగిలింది తెలివికి దక్కిన లాభం. బీటిల్స్ 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారయ్యాయి, చివరిది 2003లో మెక్సికోలో బయటికొచ్చింది. అంటే బీటిల్ కావడం ఒక్కటే గొప్ప కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, అసలు సామాను, కాగితాలు అన్నీ ఉన్న బీటిల్ దొరకడం కష్టం. నేను చిల్లు చూసి ధర చెప్పాను, ఆయన పెట్టె చూసి కొన్నాడు. అంతవరకు నాకు ఫిర్యాదు లేదు. కూతురి పేరు చెప్పి అబద్ధం ఆడటం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక మీ సంగతి. ముందు బండి కాగితాల్లో మీ పేరు మారిందో లేదో ఇవాళే చూసుకోండి. తిప్పి అమ్మేవాళ్లలో కొందరు తమ పేరు మీదికి మార్చుకోకుండానే మూడో మనిషికి అంటగడతారు. మధ్యలో యాక్సిడెంటో జరిమానానో వస్తే మీ తలకు చుట్టుకుంటుంది. నోటిమాటగా "ఉంచుకుంటాను" అన్నదాన్ని పట్టుకుని పోరాడితే వకీలు ఫీజు తప్ప ఏమీ మిగలదని నా అభిప్రాయం. ఏడాదిలోపు అమ్మితే ముందు నాకే చెప్పాలని ఒప్పందంలో రాయించుకునే వాళ్లున్నారు, కానీ అది అమ్మకముందు జరగాల్సిన పని. ఇంకో పాత కారు ఉంటే మాత్రం, కొనే ఉద్దేశం లేని మనిషి చేత విలువ కట్టించి, ఆ మోడల్ ఓనర్ల క్లబ్బులో ఒకసారి అడిగి, అప్పుడు ధర చెప్పండి. లేదా ఇంతకు తక్కువైతే అమ్మనని ముందే చెప్పి వేలానికి పెట్టండి.

ఈ మధ్య ఓ కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ కారు చివరికి కొనుక్కున్నాయన. నోటుబుక్కు అట్ట లోపల నేను రాసిన నంబరు చూసి చేశాడట. "అద్దం మీదికి నీళ్లు రావట్లేదండీ, మోటారు ఎక్కడుందో ఎంత వెతికినా కనబడట్లేదు" అన్నాడు. స్పేర్ టైరులో గాలి చూడమన్నాను.