గట్టులో బయటపడ్డ హద్దురాయి

ప్రశ్న: రోడ్డు పనికి మా పొలం గట్టు తవ్వుతుండగా సూర్యచంద్రుల బొమ్మలున్న రాయి బయటపడింది. ఏం చేయాలి?
– ఒక రైతు, కావలి

జవాబు: రాతిని కదిలించకండి, సున్నం పూసి అక్షరాలు వెతకకండి. దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, నిలవాలన్న భావంతో శాసనాలపై ఆ గుర్తులు చెక్కేవారు కనుక, అది దానభూమి హద్దురాయి కావచ్చు. నా దృష్టిలో రాయికంటే అది నిలిచిన చోటే విలువైనది. పొక్లెయిను గట్టును ఒక్కసారిగా పెకలించకుండా, పురావస్తు నిపుణుడి ఎదుట పలుచని పొరలుగా తీస్తే, అడుగున మారే మట్టి రంగునూ, చిక్కిన కుండపెంకులనూ బట్టి గట్టు కాలాన్ని అంచనా వేయవచ్చు. తహసీల్దారుకూ రాష్ట్ర పురావస్తు శాఖకూ రాతపూర్వకంగా తెలపండి. నేలలో దాగి, 10 రూపాయలకు (ఆనాటి లెక్క మరి!) మించిన విలువగల వస్తువేది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది.