లైబ్రరీ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో లెక్చర్లు, వర్క్‌షాపులు: దేనికి ఉండాలి, దేనికి ఇంటికెళ్ళిపోవచ్చు?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న క్లుప్తంగా: మీది అమలాపురం దగ్గర పల్లె. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి ఎంఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) మొదటి సంవత్సరం చదువుతున్నారు. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో ఈ సెమిస్టర్ కార్యక్రమాల జాబితా పెట్టారు. నాలుగైదు గెస్ట్ లెక్చర్లు, లైబ్రరీ పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ మీద మూడు రోజుల వర్క్‌షాపు, పుస్తకాల సంరక్షణ మీద ఒకరోజు వర్క్‌షాపు, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకి విద్యార్థుల కార్యక్రమాలు. కొన్ని సెలవు రోజుల్లో పడ్డాయి. ఇంట్లోవాళ్ళేమో "క్లాసు కాదుగా, వచ్చెయ్" అంటున్నారు.

నేనూ అదే కోర్సు చదివాను. ఇప్పుడు రాజోలు వైపు ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ముందు జవాబు చెప్పేస్తాను: రెండు వర్క్‌షాపులకీ తప్పకుండా ఉండండి. లెక్చర్లు ఏరుకోండి. వారోత్సవాల్లో కుర్చీలో కూర్చోకుండా ఏదో ఒక పని మీద వేసుకోండి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వందన సమర్పణ మాత్రమే ఉన్న రోజైతే, హాజరు తీసుకోరని తెలిస్తే, హాయిగా బస్సెక్కెయ్యండి.

అయితే అసలు సంగతి ఇది కాదు. దేనికి వెళ్ళినా మన ఊరి చిక్కు ఒకటి వెంట పట్టుకెళ్ళండి. ఖాళీ చేతులతో వెళ్తే ఫోల్డరు, పెన్ను, సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. చిక్కుతో వెళ్తే దానికి మందు తెచ్చుకుంటాం.

కోహా సంగతే చూడండి. న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతీయ లైబ్రరీ వాళ్ళు, తమ పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరం దాటితే పనిచెయ్యదని తెలిసి, సొంతంగా రాయించుకుని అందరికీ ఉచితంగా వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సు ఖర్చు లేదు కాబట్టి మన కాలేజీల్లాంటి చోట్లకి సరిగ్గా సరిపోతుంది. వర్క్‌షాపులో మొదటి రోజంతా ఇన్‌స్టలేషన్‌తోనే గడుస్తుంది. లినక్స్ కమాండ్లు ఒకరు స్క్రీన్ మీద కొడుతుంటే మిగతావాళ్ళం చూసి కొట్టడమే. ఆ పూట బోరు కొట్టినా లేచి వెళ్ళిపోకండి. రెండో రోజు క్యాటలాగింగ్, అంటే పుస్తకాల వివరాలు ఎక్కించడం, మొదలైనప్పుడు మీ చిక్కు బయటికి తియ్యాలి.

నేను పట్టుకెళ్ళింది కందుకూరి వీరేశలింగం గారి పేరు. ఆయన 1848లో రాజమండ్రిలో పుట్టారు, 1919లో పోయారు. ఆయన పుస్తకాలు లేని లైబ్రరీ మన గోదావరి జిల్లాల్లో ఉండదు. మరి ఆయన పేరుని మార్క్ 21 (పుస్తకం వివరాలు కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసే పద్ధతి) రికార్డులో, రచయిత పేరుండే 100 అనే ఫీల్డులో ఎలా రాస్తారు? ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా? ఒకరు "కందుకూరి వీరేశలింగం" అని ఎక్కిస్తారు. ఇంకొకరు "వీరేశలింగం, కందుకూరి" అంటారు. మూడో వ్యక్తి ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, అందులోనూ స్పెల్లింగు ఒక్కొక్కరిది ఒక్కో రకం. ముగ్గురూ ఒకే లైబ్రరీలో వేర్వేరు ఏళ్ళలో పనిచేసి ఉంటే, పిల్లవాడు వచ్చి వెతికినప్పుడు ఆయన పుస్తకాల్లో మూడో వంతే తెర మీదకొస్తాయి. మిగతావి అలమరలోనే ఉన్నా కంప్యూటర్ దృష్టిలో లేనట్టే.

దీనికి విరుగుడు అథారిటీ రికార్డు. పేరు ఒక రూపంలో ఖాయం చేసుకుని, మిగతా రూపాలన్నీ 400 ఫీల్డులో "దీనికి బదులు అది చూడు" అని కట్టేస్తే చాలు. పుస్తకంలో చదివినప్పుడు ఇది బుర్రకెక్కలేదు. మన పేరే వేసి నేర్పించేవారి చేత చేయించుకుంటే పది నిమిషాల్లో ఎక్కేసింది. ఇంటిపేరు ముందుండే తెలుగు పేర్ల గొడవ బయటి నుంచి వచ్చిన నిపుణులకి తట్టకపోవచ్చు. అడిగితేనే ఆగి చెబుతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ ఊరి కాలేజీలో పాత పుస్తకాల జాబితా అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసి ఉంటే, దాన్ని నేరుగా కోహాలోకి పోస్తే తెర మీద పిచ్చి గీతలు కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక కూడా వత్తులు, సున్నాలు ఒకసారి కళ్ళతో చూసుకోవాల్సిందే. అలాంటి ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం నంబరు 894.827 అని అందరికీ వచ్చు, ఆ ఫైలు బాగుచెయ్యడం మాత్రం కొద్దిమందికే వచ్చు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ రెండోదే.

సంరక్షణ వర్క్‌షాపు గురించి మీ క్లాసులో "పాత పుస్తకాలకి బూజు దులపడమేగా" అని నవ్వేవాళ్ళు ఉంటారు. గోదావరి డెల్టా వాళ్ళం మనం నవ్వకూడదు. 1986 వరద సంగతి మీ తాతగారిని అడగండి. 2022 జులైలో లంక గ్రామాలు ఎలా మునిగాయో మీకే గుర్తుండాలి. నది రాకపోయినా మన గాలిలో తేమ చాలు, గోడకి ఆనించిన బీరువాలో వెనక వరస పుస్తకాలు వానాకాలం పోయేసరికి మెత్తబడి వాసన వేస్తాయి.

నేను వెళ్ళినప్పుడు ఒక పాత నిఘంటువుని నీళ్ళ తొట్టెలో ముంచి తీసి మా ముందు పెట్టారు. ఏం చేస్తారు అన్నారు. ఎండలో పెడతామన్నాం అందరం. పెట్టకూడదట. ఎండకి అట్ట వంకరపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. తడిసిన పేజీలు బలవంతంగా విడదియ్యకూడదు. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కాస్త విచ్చుకునేలా చేసి, మధ్య మధ్యలో అచ్చు లేని తెల్లకాగితం పెట్టి, అది తడవగానే మార్చుతూ, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఫోటోలుండే నున్నటి కాగితమైతే తడి మీద ఉండగానే పని చెయ్యాలి, ఒకసారి అతుక్కుని ఆరిందంటే ఇక ఊడిరాదు. ఇదంతా 48 గంటల్లోపు జరగాలి, ఆపైన బూజు పడుతుంది.

మరి వందల పుస్తకాలు ఒకేసారి తడిస్తే? పుస్తకాల్ని గడ్డకట్టించెయ్యాలి అన్నారు. చల్లదనంలో బూజు ఎదగదు, తర్వాత తీరిగ్గా కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. అప్పుడు భీమవరం అబ్బాయి ఒకడు లేచి, "సార్, మా దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, అందులో పెట్టొచ్చా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. చెప్పేవారు మాత్రం నవ్వలేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి సరిపోతుందనీ, పాలిథిన్ కవర్లలో చుట్టి, పెట్టెల్లో వదులుగా సర్ది, రొయ్యలకి దూరంగా పెట్టాలనీ అన్నారు. వరదకి ముందే యజమానితో మాట్లాడి పెట్టుకోమన్నారు, నీళ్ళొచ్చాక ఎవరూ ఫోను ఎత్తరు కదా. మా కాలేజీ విపత్తు ప్రణాళికలో ఈ ముక్క ఇప్పుడు రాసి ఉంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు ఇది కనపడలేదు.

తాళపత్రాలకి నిమ్మగడ్డి నూనె రాయడం, చిరిగిన పేజీకి సెల్లో టేపు ఎందుకు వెయ్యకూడదో చూపించడం కూడా ఉంటాయి. చేత్తో చెయ్యనిస్తే చెయ్యండి, ముందు వరసలో కూర్చోండి.

ఇక లెక్చర్లు. శీర్షికలో "ఆధునిక ధోరణులు", "డిజిటల్ యుగంలో సవాళ్ళు" లాంటి మాటలు తప్ప ఇంకేమీ లేకపోతే నేను పెద్దగా ఆశ పెట్టుకోను. ఒక లైబ్రరీ పేరో, ఒక పరికరం పేరో, ఒక చిన్న సమస్యో శీర్షికలో కనిపిస్తే వెళ్తాను. ఆగస్టు 12 మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారి జయంతి, లైబ్రేరియన్ల దినోత్సవం. ఆ రోజు ఉపన్యాసంలో ఆయన 1931 నాటి అయిదు గ్రంథాలయ సూత్రాలూ అప్పజెబుతారు, అవి మీకు ముందే కంఠతా వచ్చు. కానీ నాలుగో సూత్రం, పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నది, తమ లైబ్రరీలో ఎలా అమలు చేశారో ఎవరైనా చెబుతానంటే మాత్రం సెలవు మానుకుని వినండి. వెళ్ళేముందు ఆ వక్త రాసిన వ్యాసం ఒక్కటి చదివితే చాలు, ప్రశ్న దానంతట అదే వస్తుంది. ప్రశ్న చిన్నగా ఉండాలి. మైకు అందగానే ఉపన్యాసం మొదలెట్టే మహానుభావులు ప్రతి హాల్లోనూ ఇద్దరుంటారు, మీరు మూడో వారు కాకండి.

అమెరికా ఐ-స్కూళ్ళ (సమాచార శాస్త్రం నేర్పే కాలేజీలు) ఆన్‌లైన్ లెక్చర్ల గురించి కూడా అడిగారు. డేటా, ఆర్కైవ్స్, యాప్ వాడేవాళ్ళ ఇబ్బందుల మీద పరిశోధన వంటివి మన సిలబస్‌లో తక్కువ, అందుకే వినదగ్గవే. టైమే తంటా. సియాటెల్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర అంటే వేసవిలో మనకి రాత్రి ఒంటిగంట, నవంబరులో వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పాక రెండు. రికార్డింగు పెడతారేమో చూసుకుని నిద్రపోండి.

వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరో, వక్తల్ని స్టేషన్ నుంచి తీసుకొచ్చే పనిలోనో చేరండి. వేదిక మీద అరగంట మాట్లాడేవారు ఆటోలో ఉన్నది ఉన్నట్టు మాట్లాడతారు. ఏ లైబ్రరీలో ఖాళీలున్నాయి, ఎవరు పిల్లలకి ఇంటర్న్‌షిప్ ఇస్తారు అన్నవి నాకు అలాగే తెలిశాయి.

ఎగ్జిబిషన్ బాధ్యత మీకిస్తే ఒక ఆలోచన. అయ్యంకి వెంకటరమణయ్య గారు మన కొంకుదురులో 1890లో పుట్టారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడం వెనక ఉన్న మనిషి, 1972లో పద్మశ్రీ వచ్చింది. వైజాగ్‌లో మీ క్లాసులో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. పక్క డెల్టాలో, కృష్ణా కాలువ మీద 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో లైబ్రరీ నడిపించారు. ఈ రెండింటికీ తోడు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఒక రోజు విద్యార్థుల యాత్ర కలిపితే, అతిథి లేకపోయినా కార్యక్రమం నిండుగా ఉంటుంది. తాళపత్రాలు అక్కడ కళ్ళారా చూడొచ్చు. ముందుగా డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం రాయించుకోండి.

ఇంట్లోవాళ్ళ విషయం. మీ నాన్నగారు అడుగుతున్నది నిజానికి "దీనివల్ల ఉద్యోగం వస్తుందా" అని. నిజం చెప్పెయ్యండి: వర్క్‌షాపు సర్టిఫికెట్‌తో రాదు. డిగ్రీ కాలేజీలో యూజీసీ స్కేలు మీద లైబ్రేరియన్ పోస్టుకి పీజీలో 55 శాతం, దానిపైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) అడుగుతారు. నెట్‌లో రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, తప్పుకి మైనస్ మార్కులు లేవు. కాబట్టి పరీక్షకి ముందు నెలలో ఏ లెక్చరైనా సరే మానెయ్యండి, నేనే చెబుతున్నాను. వర్క్‌షాపు పనికొచ్చేది ఆ తర్వాత, "మా దగ్గర పుస్తకాలున్నాయి, కంప్యూటర్ ఉంది, ఏం చేస్తావు?" అని ప్రిన్సిపాల్ గారు అడిగినప్పుడు.

ఫీజు ఉన్న వర్క్‌షాపైతే విద్యార్థులకి తగ్గింపు ఉందేమో కోఆర్డినేటర్‌ని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. మూడు రోజుల దానికి సొంత ల్యాప్‌టాప్ తెమ్మన్నారో, ల్యాబ్‌లో ఇస్తారో ముందే కనుక్కోండి. ఇద్దరికో సిస్టమ్ అంటే కీబోర్డు వైపు కుర్చీ మీరు పట్టండి. కోనసీమ వాళ్ళం రైలు దిగాక కూడా రాజమండ్రి నుంచో సామర్లకోట నుంచో మళ్ళీ బస్సెక్కాలి కాబట్టి, ఆఖరి రోజు సాయంత్రం బండికి టికెట్ తీసుకోవద్దు. ముఖ్యమైన సందేహాలు అందరూ టీ తాగి వెళ్ళిపోయాకే తీరుతాయి, మర్నాడు పొద్దున్న బయల్దేరండి.

అను ఫాంట్ల ఫైలు దొరక్కపోతే ఇక్కడే కింద రాయండి. మా లైబ్రరీలో పాతది ఒకటుంది, పంపిస్తాను.