అమ్మకి కథ చదివి వినిపించేటప్పుడు

చిన్నీ,

అమ్మ కళ్ళకి ఇక పుస్తకంలో అక్షరాలు ఆనడం లేదని, ఫోన్‌లో కథ పెడితే పది నిమిషాల్లో కునుకు తీస్తోందని రాశావు. వదినకి కథలంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. కొన్నాళ్ళు నువ్వే పక్కన కూర్చుని చదువు. మా అత్తగారికి ఆరేళ్ళు చదివి వినిపించాను కాబట్టి చెబుతున్నాను.

‘దిద్దుబాటు’తో మొదలుపెట్టు. 1910లో మన విజయనగరం గురజాడ రాసిన కథ, చిన్నది. పిలుపుతోనే మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు ‘తలుపు! తలుపు!’ అంటాడు. అక్కడ అరవకు. తప్పు చేసి వచ్చిన మొగుడు కదా, ఆ బెరుకు గొంతులో తెలియాలి. పిలిచి, ఆగు. తలుపు తెరుచుకోదు. ఆ నిశ్శబ్దం అమ్మకి వినబడ్డాకే గడియారం ఒంటిగంట కొట్టాలి. మొదటిసారి నేను అదంతా గబగబా చదివేస్తుంటే, చిక్కుడుకాయలకి పీచు తీస్తున్న మా అత్తగారు ‘ఉండమ్మా, అతనింకా గుమ్మంలోనే ఉన్నాడు’ అన్నారు. ఎక్కడ ఆగాలో నాకు ఆవిడే నేర్పారు.

ముందురోజు ఒక్కదానివే కూర్చుని కథ పైకి చదువుకో. ఊపిరి ఎక్కడ చాలడం లేదో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకో. శ్రీపాద వారి కథల్లో సంభాషణ పేజీలకు పేజీలు సాగుతుంది. ఆడగొంతు, మగగొంతు మార్చి చదవాలని చూడకు, వినేవాళ్ళ ధ్యాస నీ గొంతు మీదికి పోతుంది. మనిషి మారినప్పుడల్లా అరక్షణం ఆగు, చాలు. యాసలో రాసిన రావిశాస్త్రి గారి కథలకీ, నామిని కథలకీ అంతే. నోరు తిరగని యాసని బలవంతాన తెచ్చుకోవద్దు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు నిదానంగా చదివితే యాస దానంతటదే పలుకుతుంది.

మధ్యలో అమ్మకి ఏదైనా గుర్తొచ్చి మాట్లాడితే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని విను, తొందరపెట్టకు. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటేడు నేను పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ చదివాను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. తుఫాను ముదిరే చోటికి వచ్చేసరికి అత్తగారి చేతులు ఆగిపోయాయి. ‘ఆ కిటికీ వెయ్యి’ అన్నారు. బయట ఆకు కూడా కదలడం లేదు. లేచి కిటికీ వేశాను. ఆ రోజు కథ ముందుకు సాగలేదు. మా మామగారు, ఆవిడ కలిసి చూసిన పాత తుఫాన్ల కబుర్లే రాత్రి దాకా చెప్పారు. అన్నేళ్ళ కాపురంలో ఆ సంగతులు నేను ఒక్కసారీ వినలేదు.

భోజనమయ్యాక పెట్టుకోకు, నిద్రొస్తుంది. సాయంత్రం టీ తాగాక మేలు. రోజుకి ఒక్క కథ చాలు. అయిపోగానే ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు. చాసో రాసిన ఫిడేలు కథ ‘వాయులీనం’ చదివిన రోజు మా అత్తగారు ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున ‘పాపం, ఆ ఫిడేలు’ అన్నారు.

నువ్వు ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో ఫోన్‌లో కొత్త కథ పెట్టకు. నువ్వు చదివిన కథనే ఇంకొకరి గొంతులో విననీ. ‘చిన్నీ ఇక్కడ ఇంకా ఆగింది’ అంటుంది చూడు.

శ్రీపాద వారి ‘వడ్లగింజలు’ మాత్రం మొదలుపెట్టకండి. పెద్దాపురం చదరంగం కథ అది, చాలా పెద్దది, ఒక పూటలో తేలదు. సంక్రాంతికి వస్తున్నాను, అమ్మకి నేను చదువుతాను.

మీ అత్తయ్య