డీటీహెచ్ మానేసి కేబుల్ పెట్టించుకున్నాం, ఆపరేటర్ బాక్సు పట్టుకుపోయాడు

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర ఊరు. వాన పడితే బొమ్మ పోతోందని ఇరవై నెలల కిందట డీటీహెచ్ తీసేసి డిజిటల్ కేబుల్‌కు మారాం. ఏడాది ప్యాక్‌లో మిగిలిన డబ్బు ఇచ్చేది లేదని డీటీహెచ్ కంపెనీ అప్పుడే చెప్పేసింది. కేబుల్ కుర్రాడు బాక్సు మీ సొంతమే అని 1,800 రూపాయలు నగదు తీసుకున్నాడు, రసీదు లేదు. పోయిన నెల ఇల్లు మారుతుంటే ఆపరేటర్ వచ్చి బాక్సు పట్టుకుపోయాడు, డబ్బూ ఇవ్వనంటున్నాడు. సీరియళ్లు లేక అమ్మ ఒకటే బాధ. కోపంలో అతని వాట్సాప్ చాట్ డిలీట్ చేశాను. ఆ కుర్రాడు అక్కడ పని మానేశాడు, పాత తేదీతో ఆపరేటర్ పేరున రసీదు రాసిస్తానంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: ఆ 1,800 దేనికి ఇచ్చారు? మీ గొడవంతా తేలేది దీని మీదే. బాక్సు ధర అయితే బాక్సు మీది, దాన్ని పట్టుకుపోయే హక్కు అతనికి లేదు. డిపాజిట్ అయితే బాక్సు అతనిది, డబ్బు మీది. ఇన్‌స్టలేషన్ ఖర్చని నిరూపిస్తే మాత్రం మీకు పైసా రాదు, రేపు అతను చెప్పబోయేదీ అదే.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు దరఖాస్తు ఫారం నింపించి ఒక కాపీ కస్టమర్‌కు ఇవ్వాలని ట్రాయ్ (టెలికాం, కేబుల్ సేవలపై నియంత్రణ సంస్థ) 2017 నిబంధనల్లో ఉంది. మీరు అడగలేదు, రసీదూ అడగలేదు, ఉన్న ఒక్క ఆధారం చాట్ కూడా మీ చేత్తోనే తుడిచేశారు. గొడవ మొదలయ్యాక ఫోన్‌లోంచి ఒక్క మెసేజ్ కూడా తీసేయకూడదండీ. నెలనెలా ఫోన్‌పేలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవాళే తీసుకోండి, రీచార్జ్ మెసేజుల్లో కస్టమర్ నంబరు, బాక్సు మీది వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరు ఉంటే రాసిపెట్టుకోండి. వాటితో ఆపరేటర్ పైనున్న ఎంఎస్ఓ (ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ) కస్టమర్ కేర్‌కు, అక్కడ తేలకపోతే ఫిర్యాదులు చూసే వాళ్ల నోడల్ అధికారికి, మీ ఫారం కాపీ కావాలని రాయండి. ఫోన్‌లో ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోకుండా పెట్టేయకండి.

ఆ పాత తేదీ రసీదు జోలికి మాత్రం అస్సలు పోవద్దు. అధికారం లేనివాడు ఆపరేటర్ పేరుతో రసీదు పుట్టిస్తే అది ఫోర్జరీ. డబ్బు ముట్టినట్టు చెప్పే రసీదును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడొచ్చు, నకిలీదని తెలిసి వాడినవాళ్లకూ అదే గతి. 1,800 కోసం మీరు ముద్దాయి అవుతారు. ఆ కుర్రాడు మీకు పనికొచ్చేది సాక్షిగా. డబ్బు తనే తీసుకున్నానని, బాక్సు ధర కిందే తీసుకుని ఆపరేటర్‌కు ఇచ్చానని, అది నిజమైతేనే, ఇవాళ్టి తేదీతో నోటరీ అఫిడవిట్ ఇమ్మనండి.

చీటింగ్ కేసు నిలవడం కష్టం. డబ్బు తీసుకున్న రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, ఇరవై నెలలు చానళ్లు ఇచ్చినవాడి మీద అది చూపలేరు. పోలీసులు సివిల్ తగాదా అని పంపించేస్తారు. ట్రాయ్ కూడా ఒక్కొక్కరి ఫిర్యాదులు విచారించదు. మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. బాక్సు పోయింది పోయిన నెలే కాబట్టి దానికి టైముంది, అయినా డబ్బిచ్చిన రోజు నుంచే లెక్కపెట్టాలని అవతలి వాళ్లు వాదిస్తారు. డీటీహెచ్ కంపెనీ కాదన్నది ఇరవై నెలల కిందట, అంటే మీకు మిగిలింది నాలుగు నెలలు. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా, లీగల్ నోటీసు ఇచ్చినా ఆ గడువు పెరగదు. ఆలస్యానికి గట్టి కారణం చూపితే కమిషన్ మన్నించొచ్చు, దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోవద్దు.

ఈ వారమే ఆపరేటర్‌కు, ఎంఎస్ఓకు, డీటీహెచ్ కంపెనీకి వేర్వేరుగా 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, పోస్టు రసీదులు దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, చాలాసార్లు డీటీహెచ్ బ్యాలెన్సు లాంటివి అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. కేబుల్‌కూ డీటీహెచ్‌కూ రెండు వేర్వేరు ఫిర్యాదులు వేయండి.